మా అత్త చెప్పిన సాక్ష్యం

మా ఆఫీసులో మనిషిని మనిషి అనేవారు కాదు, లీడ్ అనేవారు. ఫోన్‌లో మా ప్రకటన చూసి, కింద ఉన్న గడిలో తన పేరూ నంబరూ రాసి పంపినవాడు లీడ్. పంపి, మళ్ళీ ఫోన్ ఎత్తనివాడు చల్లటి లీడ్. ఎత్తి, ఎంత కడితే ఎంత వస్తుందని అడిగినవాడు వేడి లీడ్. డబ్బు కట్టేసినవాడు కన్వర్షన్. ఈ చివరి మాట మొదటిసారి విన్నప్పుడు నాకు నవ్వొచ్చింది. నేను క్రైస్తవ కుటుంబంలో పుట్టినవాణ్ణి. మా తాత మతం మారాడని ఊళ్ళో ఎవరూ నిప్పు కూడా ఇవ్వలేదన్న కథ వింటూ పెరిగినవాణ్ణి. ఇక్కడ వీళ్ళు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా జనాన్ని కన్వర్ట్ చేసి, ఐదింటికి సమోసాలు తెప్పించుకునేవారు.

రుషికొండలో ఒక అద్దాల భవనంలో నాలుగో అంతస్తు మాది. అద్దం అవతల సముద్రం. ఉద్యోగంలో చేరిన ప్రతివాడూ మొదటి రోజు దాని ముందు సెల్ఫీ దిగుతాడు, రెండో రోజు నుంచి ఎండ కొడుతోందని తెర దించేస్తాడు. జనం దగ్గర డబ్బు తీసుకుని మార్కెట్లో పెట్టడం కంపెనీ పని. ఆ జనాన్ని ఫోన్‌లో పట్టుకురావడం నా పని. గాలం వేసే పని అని ఒకసారి నోరు జారితే మా బాసు నొచ్చుకున్నాడు. "అవేర్‌నెస్ అను బ్రో" అన్నాడు. నిజమే, చేపకి ముందు ఎర గురించి అవేర్‌నెస్ రావాలి కదా, తర్వాతే గాలం లాగేది.

బాసు నాకంటే నాలుగేళ్ళు చిన్నవాడు. బయటి ఊరి నుంచి వచ్చాడు. విజిటింగ్ కార్డు మీద అతని హోదా రెండు వరుసలు ఉంటుంది, అర్థం మాత్రం ఒక వరుసకీ సరిపోదు. మూడేళ్ళు కదపకుండా మా ఫండ్‌లో ఉంచితే జీవితం మారిపోతుందని జనానికి చెప్పే ఈ మహానుభావుడు తన జీతమంతా సబ్బవరంలో స్థలాల మీద పెట్టేవాడు. టీ దగ్గర హద్దురాళ్ళ ఫొటోలు చూపించేవాడు. మరి మన ఫండ్‌లో పెట్టలేదేమని అడిగితే, అది కస్టమర్ల కోసం బ్రో అన్నాడు. చెప్పినవాడికి సిగ్గు లేదు, విన్న నాకూ లేదు. ఇద్దరం టీ తాగేసి లోపలికెళ్ళాం.

మా వెబ్‌సైట్‌లో ఉన్న తెలుగు, మనుషులు రాసింది కాదు, యంత్రం చేసిన అనువాదం. దాంట్లో టెస్టిమోనియల్స్ అన్న చోట "మా కస్టమర్ల సాక్ష్యాలు" అని పడింది. కింద సూటు వేసుకున్న ఒకాయన ఫొటో. చూస్తే ఖూనీ కేసులో సాక్షిలాగా ఉన్నాడు. ఆఫీసంతా పడీపడీ నవ్వింది. నేనూ నవ్వాను. ఆ రాత్రి కాదు, ఆ నిమిషమే, నవ్వుతూ నవ్వుతూనే నా బుర్రలో పాడుబుద్ధి ఒకటి కదిలింది.

సాక్ష్యం అంటే మాకు కోర్టు గుర్తుకు రాదు. మల్కాపురంలో మా చర్చిలో ఆదివారం పాటలయ్యాక సాక్ష్యాల సమయం ఉంటుంది. ఎవరైనా లేచి నిలబడి, దేవుడు తనకి చేసిన మేలు చెప్పుకోవచ్చు. పనిలో ప్రమాదం తప్పినవాడు లేస్తాడు. తాగుడు మానినవాడు లేస్తాడు. దానికో నడక ఉంది. ముందు నేనెంత అజ్ఞానంలో ఉన్నానో, ఆ తర్వాత ఎక్కడ బోర్లాపడ్డానో, ఎవరు చెయ్యి పట్టుకున్నారో, ఇప్పుడెంత నెమ్మదిగా ఉన్నానో. ఆ నడక నాకు ఎక్కాల కంటే ముందే వచ్చు.

దాన్ని ఎత్తుకొచ్చి ప్రకటనలో పెట్టాను. దేవుడున్న చోట కంపెనీ, పాపం ఉన్న చోట చిట్టీలూ బంగారమూ. పైగా మా ఇళ్ళలో మాట్లాడే మాటల్లోనే రాశాను. "డబ్బులు డబ్బాలో దాసుకోడం తప్ప ఏటీ తెలీనిదాన్ని నాను" అని మొదలు. అంతకుముందు వాళ్ళు వేసిన "మీ ఆర్థిక స్వేచ్ఛకు తొలి అడుగు" లాంటి చప్పిడి కూటికీ దీనికీ పోలికేమిటి? నాకు గర్వంగా ఉండింది. ఆ గర్వం గురించి ఇప్పుడు రాయాలంటే నా మొహం మీద నాకే ఉమ్మబుద్ధేస్తుంది.

మొదట ఇద్దరు నాటకాలవాళ్ళతో చెప్పించాం. వాళ్ళు మన యాసని జబ్బులా పలికారు, ప్రతి మాటకీ వంకర్లు పోయారు. జనం వేలితో పైకి తోసేశారు. నటులొద్దు, నిజమైన మొహం కావాలని బాసు పట్టుబట్టాడు. నిజమైన కస్టమరు కావాలని మాత్రం అనలేదు.

నాకు మా అత్త గుర్తొచ్చింది. అత్తంటే మా నాన్న చెల్లెలు. నర్సుగా ముప్పయ్యేళ్ళు చేసి రిటైరైంది. పెళ్ళి చేసుకోలేదు. నాకు అక్షరాలు దిద్దించింది ఆవిడే. మల్కాపురంలో ఆవిడది రేకుల ఇల్లు. ఎండాకాలం పెనం, వానాకాలం జల్లెడ. ఆవిడకున్న కోరికల్లా ఒక్కటి, ఆ రేకులు పీకించి స్లాబు వేయించడం. రిటైరైనప్పుడు వచ్చిన డబ్బు దానికోసమే బ్యాంకులో ఉంచింది. వానలు వెనకబట్టగానే మొదలెట్టమని మేస్త్రీతో మాట్లాడి కూడా పెట్టింది. ఇక సాక్ష్యం చెప్పడానికి లేచిందంటే, ఏడుస్తున్న పసిపిల్లలు కూడా ఊరుకునేవారు.

వెళ్ళి అడిగాను. కాగితం తీసుకుని కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివింది.

"నాను కట్నేదు గదరా. కట్టానని ఎలగ సెప్తాను?"

ఊరికే కెమెరా ముందు మాటలత్తా, లోకమంతా అలాగే చెప్తుందన్నాను.

"సాక్ష్యం అని రాసున్నాది గదేటి?"

అది కంపెనీవాళ్ళు పెట్టుకున్న పేరులే అన్నాను. కాగితం మడత పెట్టింది. తర్వాత, ఇది నా ఉద్యోగానికి పనికొస్తుందా అని అడిగింది. వస్తుందన్నాను. ఆ ఒక్క మాటకి ఒప్పేసుకుంది. దీని వెనక నాకు ఇంక్రిమెంటు ఉందని చెప్పలేదు, ఆవిడా అడగలేదు.

అత్త ఇంట్లో తీయడానికి బాసు ఒప్పుకోలేదు. డబ్బు పెరిగినావిడ ఇంటిమీద రేకులుంటే ఎలా బ్రో అన్నాడు. అందుకని అతని ఫ్లాట్‌లో, అతని సోఫా మీద కూర్చోబెట్టాం. చర్చికి కట్టుకునే తెల్లచీర కట్టుకొచ్చింది, నీలం అంచుది. ఏసీకి వణుకుతూ కూర్చుంది. మొదలెట్టాక మాత్రం ఏరు పారినట్టు చెప్పుకుపోయింది. డబ్బా గురించి చెప్పింది, మునిగిపోయిన చిట్టీ గురించి చెప్పింది. "నర్సు పని సేసి దాసుకున్న డబ్బులు, ఈ కంపెనీలో..." అని ఆగిపోయింది. కెమెరా వైపు కాదు, దాని పక్కన నిలబడ్డ నా వైపు చూసింది. నేను తలూపాను. "కట్టాను" అంది.

మళ్ళీ తీద్దామా అంటే బాసు వద్దంటూ ఎగిరి గంతేశాడు. ఆ ఆగడమే కావాలట, ఎమోషన్ అంతా అక్కడే ఉందట. రూల్స్ చూసుకునే ఉద్యోగి ఒకతను, ఈవిడ మన కస్టమరేనా అని నసిగాడు. ప్రాసెస్‌లో ఉందని చెప్పి బాసు అతని నోరు మూయించాడు.

వీడియో వదిలాక ఇక చూసుకోండి. మల్కాపురం, గాజువాక, పెదగంట్యాడ, లీడ్లు వానలా పడ్డాయి. బాసు పెద్ద తెరమీద గ్రాఫ్ వేసి చూపించాడు. మా అత్త ఎక్కడ ఆగిందో సరిగ్గా అక్కడే జనం బటన్ నొక్కుతున్నారు. "ఆంటీ భలే కన్వర్ట్ చేస్తోంది" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను లేచి నిలబడి నవ్వాను, పెళ్ళికొడుకు తండ్రిలాగా.

నాలుగో వారంలో లీడ్ల జాబితా చూస్తుంటే ఒక ఫోన్ నంబరు దగ్గర నా కళ్ళు ఆగాయి. అది ఒకప్పుడు నాదే. కొత్త సిమ్ము తీసుకున్నప్పుడు పాతది అత్తకిచ్చాను. పక్కన పచ్చరంగులో కన్వర్టెడ్ అని ఉంది.

ఆ ఫోన్ మాట్లాడిన అమ్మాయిని పట్టుకున్నాను. శ్రీకాకుళం వైపు పిల్ల, పని కొత్త. పథకం గురించి కంఠతా పట్టినదంతా చెప్పబోతే, అవతలావిడ విననే లేదట. "అయ్యన్నీ నాకొద్దమ్మా, సంతకం ఎక్కడ పెట్టాలో సెప్పు" అందట. అంత సులువైన కన్వర్షన్ తన జన్మలో చూడలేదని ఆ అమ్మాయి మురిసిపోతూ చెప్పింది. కట్టింది చిన్న మొత్తం కాదు. స్లాబు డబ్బు మొత్తం.

బాసు దగ్గరికి పరిగెత్తాను. ఆవిడ మా అత్త, ఇంటికి దాచుకున్న డబ్బు, పొరపాటున కట్టేసింది, వెనక్కి ఇప్పించమని అడిగాను. అతని మొహం వెలిగిపోయింది. "నిజంగా కట్టేసిందా? అయితే రూల్స్ గొడవ తీరిపోయింది బ్రో!" అన్నాడు. అప్పటికప్పుడు ఆ నసిగిన ఉద్యోగికి మెయిల్ కొట్టాడు, వీడియోలో ఉన్నావిడ ఇప్పుడు అచ్చంగా మన కస్టమరని. నా భుజం తట్టాడు. ఆ చెయ్యి విరిచేయాలనిపించింది. విరవలేదు, నెలాఖరు, జీతం పడాలి.

అతను మాటల మధ్యలో ఒక్క పనికొచ్చే ముక్క చెప్పాడు. కట్టిన పదిహేను రోజుల్లోపు ఒక కాగితం మీద సంతకం పెడితే డబ్బు వెనక్కి వస్తుంది. ఆ తర్వాత మూడేళ్ళు తాళం. మధ్యలో తీస్తే వాళ్ళ కోతలు వాళ్ళకున్నాయి, మార్కెట్ పడితే పడినంతా మనదే. అత్తకి ఇంకా తొమ్మిది రోజులున్నాయి. కాగితం ప్రింటు తీసుకుని మల్కాపురం వెళ్ళాను.

అత్త చేపల పులుసు పొయ్యి మీద పెట్టి గుమ్మంలో కూర్చుంది. ఎందుకు చేశావని గట్టిగానే అడిగాను. ఆవిడ మాత్రం మెల్లగా, నేనేదో చిన్న లెక్క తప్పు చేస్తే సరిదిద్దుతున్నట్టు చెప్పింది.

"రెండాదివారాలు లేసి నిలబడనేకపోయానురా. నోరు తెరిత్తే ఆ యీడియోలో మాటే అడ్డమొత్తంది. సాక్ష్యం సెప్పీసాక అబద్దం అవకూడదు గదా. అందుకే నిజం సేసీసాను."

 మా ఆఫీసులో ఎన్ని రకాల లీడ్లున్నాయో చెప్పాను కదా. చెప్పిన అబద్ధాన్ని నిజం చేయడానికి ఇల్లు అమ్ముకున్నంత పని చేసే లీడ్‌కి వాళ్ళ దగ్గర పేరు లేదు. ఆ కాగితం తీసి ఆవిడ ఒళ్ళో పెట్టాను. ఇక్కడ సంతకం పెట్టత్తా, స్లాబు డబ్బు వచ్చేస్తుందన్నాను.

"తీసీసుకుంటే మళ్ళీ అబద్దం అయిపోదేటి?"

వీడియో తీయించేస్తానన్నాను. దానికీ తల అడ్డంగా ఊపింది. తీసేస్తే చెప్పింది చెప్పనట్టు అవుతుందా, విన్నవాళ్ళు విన్నారు కదా అంది. అదీ నిజమే. అప్పటికే ఆ వీడియో మా చర్చి వాట్సాప్ గ్రూపులో రెండుసార్లు తిరిగింది. ఇక నాకు తోచింది ఒకటే. ఎక్కడ విన్నారో అక్కడే చెప్తాను, ఆ మాటలు నేను రాసిచ్చినవనీ, నువ్వు చెప్పేనాటికి కట్టలేదనీ ఆదివారం లేచి చెప్తానన్నాను. అత్త నన్ను ఎగాదిగా చూసింది.

"సెప్తే సెప్పు. అప్పుడు సూద్దాం" అంది.

చర్చిలో సాక్ష్యానికి నేను పదో తరగతి పాసైనప్పుడు లేచాను, మళ్ళీ ఆ ఆదివారమే. నాలుగు వాక్యాలు చెప్పాను. ఫలానా కంపెనీలో పనిచేస్తున్నానన్నాను. మీరు ఫోన్‌లో చూసిన సాక్ష్యం నేను కూర్చుని రాసిందన్నాను. మా అత్త చెప్పేనాటికి ఒక్క రూపాయి కట్టలేదన్నాను. నాలుగో వాక్యం ముందు ఆగాను. ఎందుకు ఆగానో ఎవరికీ తెలియదు, నాకు తెలుసు. అక్కడ ఆగితే బాగుంటుందని ఆగాను. దేవుడి ముందు నిలబడి కూడా నా వెధవ బుద్ధి గ్రాఫ్ చూసుకుంటోంది. తప్పంతా నాదేనని చెప్పి కూర్చున్నాను. ఎవరూ ఆమెన్ అనలేదు.

ఆరాధన అయ్యాక బయట చెప్పులేసుకుంటుంటే ఇద్దరు వచ్చారు. ఒకాయన పోర్టులో క్రేన్ నడిపి రిటైరైనవాడు, చిన్నప్పుడు నన్ను సైకిల్ మీద బడికి దింపినవాడు. ఇంకొకావిడ మా వీధిలోనే జాకెట్లు కుట్టే టైలరమ్మ. ఇద్దరూ వీడియో వచ్చిన మొదటి వారంలోనే కట్టేశారు.

"మీ అత్త సెప్పింది గదాని కట్టీసాం బాబూ" అన్నాడాయన. "మీ అత్తకి వాపసు కాగితం తెచ్చావంట గదా. మాకూ ఇప్పించు."

 వాళ్ళ పదిహేను రోజులు ఎప్పుడో అయిపోయాయి. ఆ సంగతి చెప్తే ఆయన నన్ను తిట్టలేదు, కొట్టలేదు. సర్లే బాబూ, మూడేళ్ళే గదా అన్నాడు. టైలరమ్మ మాత్రం నన్ను కాకుండా మా అత్తని చూసింది. అత్త గొడుగు తెరుచుకుని ముందు నడిచింది.

ఇంటికొచ్చాక కాగితం, పెన్ను తీసి బల్లమీద పెట్టాను. ఇంకా నాలుగు రోజులున్నాయి. నేను అన్న మాట ప్రకారం నేను చేశాను, ఇక ఆవిడ వంతు. అత్త పెన్ను చేతిలోకి తీసుకుంది కూడా.

"మరి ఆళ్ళిద్దరిదీ?" అంది.

గడువు దాటిపోయిందని నీ ముందే చెప్పాను కదా అన్నాను. పెన్నుకి మూత పెట్టింది.

"నా మాట ఇని ఆళ్ళు లోపలుంటే, నానొక్కదాన్నీ బయటికొచ్చీసి తలుపేసుకోమంటావేటి?"

బతిమాలాను. అరిచాను. నువ్వు మునిగితే వాళ్ళకేమైనా ఒరుగుతుందా అని అడిగాను. దేవుడు కూడా ఇంత మొండితనం కోరడని అన్నాను, ఆయన తరఫున మాట్లాడే అర్హత నాకేదో ఉన్నట్టు. ఆవిడ పులుసు వేసి అన్నం పెట్టింది. నాలుగు రోజులూ రోజూ వెళ్ళాను. ఐదో రోజు కాగితం చిత్తుకాగితం అయిపోయింది. మేస్త్రీకి ఆవిడే ఫోన్ చేసి ఇప్పుడొద్దని చెప్పింది.

ఉద్యోగం మానేశానని రాస్తే ఇక్కడ బాగుండేది. మానలేదు, ఇంకో ఐదు నెలలు చేశాను. ఇంక్రిమెంటు వచ్చింది, తీసుకున్నాను. స్లాబుకని దాంట్లోంచి అత్తకి ఇవ్వబోతే, ముందు టైలరమ్మకివ్వు అంది. టైలరమ్మ తలుపు తీయలేదు. తర్వాత బాసుకి ఇంకో పెద్ద కంపెనీలో మూడు వరుసల హోదా దొరికింది, సబ్బవరం స్థలం రెండింతలైందని పార్టీ ఇచ్చి వెళ్ళాడు. కొత్తగా వచ్చినవాడు యంత్రమే యాసలో రాసేస్తోందని చెప్పి నన్ను పంపించేశాడు. నేను ఎత్తుకొచ్చిన నడకని ఇప్పుడు అది నాకంటే వేగంగా నడిపిస్తోంది. దొంగ సొత్తు దొంగలపాలు.

మార్కెట్ పెరిగిందా పడిందా అని అత్త ఇంతవరకూ ఒక్కసారి అడగలేదు. రోజూ పొద్దున్నే చూసుకునేది నేనే. తాళం తీసే రోజు ఇంకా చాలా దూరం ఉంది.

మొన్న వాయుగుండం వానలో మధ్యాహ్నం వాళ్ళింటికెళ్ళాను. రేకుల మీద వాన చప్పుడుకి మాట వినపడడం లేదు. మంచం పక్కన ఒక గిన్నె, గుమ్మం దగ్గర ఒక బకెట్టు. గిన్నె నిండితే నేను పారబోసి వచ్చి మళ్ళీ అదే చోట పెట్టాను. అత్త మంచం మీద కూర్చుని ఫోన్‌లో పాటలు పెట్టుకోబోతోంది. పాటకి ముందు ప్రకటన వచ్చింది. తెల్లచీర, నీలం అంచు, ఎవరిదో సోఫా. వాళ్ళు ఇంకా దాన్ని తిప్పుతూనే ఉన్నారు.

లాక్కోబోయాను. ఇవ్వలేదు. తనని తాను చూసుకుంటూ కూర్చుంది. "ఈ కంపెనీలో" అన్న మాట దగ్గర వేలుతో నొక్కి బొమ్మని ఆపేసింది. ఫోన్ నా వైపు తిప్పింది. తెరమీద అత్త కళ్ళు పక్కకి, నేను ఆరోజు నిలబడ్డ చోటుకి తిరిగి ఉన్నాయి.

"ఇక్కడ ఆగిపోదునురా" అంది. "నువ్వు తలూపావు గదాని సెప్పీసాను."